అప్‌డేట్: బాపు పాత క్లారినెట్ కింది స్వరాలు ఎందుకు పలకలేదంటే

హన్మకొండలో మా బాపు వాళ్ల పాత బ్యాండు మేళం మళ్లీ కలుస్తోందని, ఏండ్ల తరబడి పెట్టెలో ఉన్న ఆయన క్లారినెట్ కింది స్వరాలు పలకట్లేదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చాలామంది రీడు (ఊదేచోట బిగించే పల్చని బద్ద) మార్చమన్నారు. మార్చాం, తేడా రాలేదు. బాపు కట్టుడు పళ్ల వల్లేమో అని కొందరన్నారు, కానీ వాటికీ దీనికీ సంబంధం లేదు. ప్యాడ్లు (బెజ్జాలను మూసే మెత్తని బిళ్లలు) చూపించమన్నవాళ్ల మాటే నిజమైంది. హైదరాబాద్‌లో రిపేరు చేసే ఆయన పై ముక్క విడదీసి, దాని అడుగు అరచేత్తో మూసి, బెజ్జాలన్నీ వేళ్లతో అదిమి ఊదిచూశాడు. గాలి లోపలే నిలవాలి. మాది పక్కల నుంచి బుస్సుమని పోయింది. ప్యాడ్లు ఎండి కట్టెల్లా అయ్యాయి. పైన ఒక్కచోట లీకున్నా దాని కింది స్వరాలన్నీ దెబ్బతింటాయట. ప్యాడ్లతో పాటు కార్కులూ మార్చాడు. అదృష్టం, కర్ర ఎక్కడా పగల్లేదు.

రిపేరుకు ముందు "నా దమ్ము అయిపోయింది బిడ్డా" అని బాపు వాయిద్యం పక్కన పెట్టేసిండు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. లోపం ఆయన ఊపిరిలో లేనే లేదు! మొన్న దోస్తు మనుమరాలి బరాత్‌లో అందరూ 70 దాటినవాళ్లే వాయించారు. నడవలేని డోలు కాకకు కుర్చీ వేశాం. ట్రంపెట్ పెదనాన్న రాగం ఎత్తుకోగానే బాపు కింది స్వరం నుంచి అందుకున్నడు.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు లీకు చూపించుకోండి. ఊదిన ప్రతిసారీ లోపలి తడి గుడ్డతో తుడిచి పెట్టాలని కూడా రిపేరు చేసినాయన చెప్పాడు.