ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేయకముందే అబ్బాయికి 21 నిండితే ఎలా? (రాజాం నుంచి ప్రశ్న)

ప్రశ్న (రాజాం):
అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఉద్యోగం చేస్తూ, గ్రీన్ కార్డు కాగితాల కోసం సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ఈబీ-2 (ఉన్నత చదువులవారి ఉద్యోగ కోటా)లో నా ప్రయారిటీ డేట్ (వరుసలో చేరిన తేదీ) 2014. ఐ-140 (నా తరఫున కంపెనీ వేసే పిటిషన్) దాఖలు చేశాక ఆమోదం రావడానికి 210 రోజులు పట్టింది. మా అబ్బాయికి ఈ అక్టోబరు మొదటి వారంలో 21 నిండుతాయి. లెక్కలో 21 దాటితే మాతో పాటు వాడికి గ్రీన్ కార్డు రాదు. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లోని 'డేట్స్ ఫర్ ఫైలింగ్' (దరఖాస్తు వేయదగిన తేదీల) పట్టికలో మా తేదీ వస్తే వాడి వయసు లెక్క అక్కడితో ఆగుతుందని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. ఆ నియమం మారిందంటున్నారు, నిజమేనా?

మరో చిక్కు కూడా ఉంది. 1980లో పాలకొండ దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో, ఇంట్లోనే పుట్టాను. జననం ఎక్కడా నమోదు కాలేదు. పాస్‌పోర్టులో శ్రీకాకుళం జిల్లా అని ఉంది కానీ, ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది.

జవాబు (చీపురుపల్లి):
నిజమేనమ్మా. 2023 ఫిబ్రవరిలో ఇచ్చిన ఆ వెసులుబాటును యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలసల శాఖ) 2025 ఆగస్టు 15 నుంచి వెనక్కి తీసుకుంది. ఆ తేదీకి ముందే ఐ-485 వేసి పెండింగులో ఉన్నవారికి పాత లెక్కే వర్తిస్తుంది. ఇప్పుడు వేసేవారికి మాత్రం 'ఫైనల్ యాక్షన్' (గ్రీన్ కార్డు ఇవ్వదగిన తేదీల) పట్టికలో తేదీ వచ్చిన నాటి వయసునే చూస్తారు. ఆ వయసులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజులు తీసేస్తారు. మీకు 210 రోజులు ఉన్నాయి కనుక, వచ్చే ఏప్రిల్ నెలాఖరు లోపల ఆ పట్టికలో మీ తేదీ వస్తే అబ్బాయి 21 లోపువాడిగానే లెక్కకు వస్తాడు. ప్రీమియంలో (అదనపు రుసుము కట్టి) త్వరగా ఆమోదం తెచ్చుకున్నవారికి తీసివేయడానికి పట్టుమని పదిహేను, ఇరవై రోజులే మిగులుతాయి. నాకు జరిగింది అదే. తేదీ వచ్చాక ఏడాదిలోగా దరఖాస్తు చేయడం మాత్రం మరువకండి.

హెచ్-4కు (ఉద్యోగి పిల్లలకిచ్చే వీసాకు) ఈ తీసివేత వర్తించదు. అది అసలు పుట్టినరోజుతోనే ముగుస్తుంది. కాబట్టి అక్టోబరుకు ముందే ఎఫ్-1కు (విద్యార్థి వీసాకు) మార్పు కోరుతూ దరఖాస్తు వేయించండి. దీన్ని వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

జవాబు (బొబ్బిలి):
జిల్లా గురించి దిగులు పడకండి. ఐ-485లో పుట్టిన ఊరు, దేశం మాత్రమే అడుగుతారు. పంచాయతీ నుంచి జనన నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకుని, పదో తరగతి సర్టిఫికెట్‌తో పాటు మీ పుట్టుకను స్వయంగా ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు జతపరచండి. వాటిలో 'అప్పటి శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా' అని రాయిస్తే సందేహం ఉండదు.

అఫిడవిట్‌ను టైపిస్టు దగ్గరుండే పాత నమూనాకు వదిలేయకండి. మా అన్నయ్యకు 'ఇతని జననం నాకు తెలుసు' అన్న ఒక్క వాక్యంతో కొట్టి ఇచ్చారు. ఎలా తెలుసో లేదని అమెరికా నుంచి అదనపు ఆధారాలు అడిగారు. రెండోసారి మా మేనత్త, తానే పురిటి గదిలో ఉన్నాననీ, తెల్లవారుజామున బిడ్డ పుట్టాడనీ, వదిన పేరుతో సహా చెప్పి వేలిముద్ర వేసింది. దాంతో సరిపోయింది.

ఇంకొకటి: 2024 డిసెంబరు 2 నుంచి వైద్య పరీక్ష పత్రం ఐ-693ను ఐ-485తోనే పంపాలి. పరీక్ష అమెరికాలోనే చేయించుకోవాలి కానీ, టీకాల పాత చీటీలు ఏవైనా ఉంటే ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.

రాజాం:
ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఎఫ్-1 సంగతి ఈ రాత్రికే అబ్బాయికి చెబుతాను. నా పురిటికి నీళ్లు కాచిన పెద్దమ్మ ఆ ఊళ్లోనే ఉంది. రేపు తొలి బస్సుకు పాలకొండ వెళ్తున్నాను.