వయసు పైబడిన నాన్నగారి కారు ప్రయాణాలు: ఎలా మాట్లాడాలి, ఏ ఏర్పాట్లు చేయాలి?

ప్రశ్న – కావలి ఆడపడుచు

మా నాన్నగారికి 74 ఏళ్లు. అమ్మతో కలిసి కావలిలో ఉంటున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదమూ చేయని మనిషి. అయితే మొన్న వెళ్లినప్పుడు కారు ఎడమ తలుపు మీద మా ఇంటి గేటు ఆకుపచ్చ రంగు చారలుగా అంటుకుని ఉండటం చూశాను. రాత్రిపూట ఎదుటి బండ్ల లైట్లు కళ్లలో కొడుతున్నాయని ఆయనే అంటారు. అయినా అమ్మను షుగరు డాక్టరుకు చూపించడానికి నెల్లూరు తీసుకువెళ్లి, చీకటి పడ్డాక జాతీయ రహదారి మీద తిరిగివస్తున్నారు. లైసెన్సు రెన్యువల్ కూడా దగ్గరపడింది. తాళాలు తీసుకుంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది, ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. మీ ఇళ్లలో ఏం చేశారో దయచేసి చెప్పండి.

జవాబు – కంటి వైద్యురాలు, నెల్లూరు

తాళాల మాట ఎత్తకముందే కంటి పరీక్ష చేయించండి. రాత్రిపూట లైట్లు చెదిరినట్టు కనిపించడం శుక్లాల లక్షణం కావచ్చు. అదే కారణమైతే ఆపరేషన్ తరువాత చాలామందికి చూపు బాగా మెరుగుపడుతుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఆ తలుపు మీది రంగు. పక్కచూపు తగ్గితే గేటు దగ్గరైనది తెలియదు. నీటికాసులు (గ్లాకోమా) సాధారణంగా నొప్పి తెలియకుండానే పక్కచూపును తినేస్తాయి కాబట్టి, బోర్డు మీది చిన్న అక్షరాలు చదవగలిగినంత మాత్రాన చూపంతా బాగున్నట్టు కాదు. కంటి ఒత్తిడితో పాటు పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే విజువల్ ఫీల్డ్ పరీక్ష కూడా అడిగి చేయించండి. మెడ బిగుసుకుపోయి తల తిప్పలేకపోయినా ఇలాగే జరుగుతుంది.

ఆయన వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు మత్తు కలిగిస్తాయి. ఆయనకు కూడా షుగరు ఉండి, గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, భోజనం ఆలస్యమైనప్పుడు చక్కెర పడిపోయి స్టీరింగు ముందే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

జవాబు – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

అమ్మా, నేను కారు మానేసినవాణ్ణే కాబట్టి మీ నాన్నగారి వైపు నుంచి చెబుతాను. మొదట రాత్రి ప్రయాణాలు మానేశాను, తరువాత హైవే, చివరికి ఊళ్లో కూడా. డివైడరు సందులో కుడివైపు తిరగడానికి ఆగినప్పుడు ఎదురుగా వచ్చే లారీ ఎంత వేగంలో ఉందో అంచనా అందకపోవడం నాకు నేనుగా గమనించాను. కర్నూలు రోడ్డులో చీమకుర్తి గ్రానైటు లారీల మధ్య ఆ అంచనా తప్పితే ఇక చెప్పేదేముంది. ఆ నిర్ణయం నాదే కావడం వల్ల బాధ తగ్గింది. అన్నిటికన్నా కష్టం, చిన్న పనికి కూడా ఒకరిని అడగాల్సి రావడం. అందుకే ఇన్సూరెన్సు, సర్వీసింగు, పెట్రోలు ఖర్చు లెక్కవేసి, ఆ డబ్బుతోనే తెలిసిన ఆటో అబ్బాయికి నెలవారీగా ఇస్తున్నాను. దూరం వెళ్లాల్సి వస్తే యాక్టింగ్ డ్రైవర్‌ను, అంటే ఆ ప్రయాణం వరకే వచ్చి మన కారు నడిపే డ్రైవర్‌ను, పెట్టుకుని నా కారులోనే వెళ్తాను.

రెన్యువల్ విషయంలో ఒక మాట. 40 దాటినవారు ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం ఇవ్వాలి, 55 దాటాక లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు. మనిషిని చూడకుండా సంతకం పెట్టించుకునే దారి తొక్కవద్దు. నిజంగా పరీక్షించే డాక్టరు చెప్పిన మాటను పెద్దవాళ్లు పిల్లల మాటకన్నా తేలికగా ఒప్పుకుంటారు.

జవాబు – కందుకూరు కోడలు

మా మామగారు కారు ఆపేశారని అందరం ఊపిరి పీల్చుకునేలోపే స్కూటరు బయటికి తీశారు. కారు కన్నా అది ఎంతో ప్రమాదం. ఈ సంగతి ముందే మాట్లాడుకోండి.

నెల్లూరు డాక్టరు అపాయింట్‌మెంటును ఉదయానికి మార్పించుకుంటే చీకటి సమస్య వెంటనే తీరుతుంది. 60 దాటినవారికి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మగారికి టికెట్టు ఉచితం. ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి. మోకాళ్ల నొప్పుల వల్ల బస్సు మెట్లు ఎక్కలేకపోతే మాత్రం యాక్టింగ్ డ్రైవరే మేలు. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని దారి చెబుతారు, పెద్దరికమూ నిలుస్తుంది.

కావలి ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. అపాయింట్‌మెంటు ఉదయానికి మార్పించాను. పండక్కి వచ్చినప్పుడు కంటి పరీక్షకు నేనే వెంట వెళ్తాను, రెన్యువల్ మాట ఆ తరువాతే ఎత్తుతాను. స్కూటరు సంగతి నాకు తట్టనే లేదు. మా వరండాలోనూ ఒకటి ఉంది.