అప్‌డేట్: మరియా లూజ్ ఓడ గొడవ ఎలా ముగిసిందో తెలిసింది

1872లో యోకొహామాలో పెరూ ఓడ మరియా లూజ్‌ని జపాన్ ఆపేసింది కదా, అసలు ఆ అధికారం ఎక్కడిది, చివరికి గెలిచిందెవరు అని పోయిన నెల ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు ఒప్పందాలు చూడండి" అన్న సలహానే పనిచేసింది.

అప్పట్లో ఒప్పందాలున్న పాశ్చాత్య దేశాల వాళ్లను జపాన్ కోర్టులు విచారించకూడదు. పెరూతో ఒప్పందమే లేదు! అందుకే దాని కెప్టెన్‌కు ఆ రక్షణ దొరకలేదు. మకావు నుంచి పెరూ రేవు కయావోకు తీసుకెళ్తున్న సుమారు 230 మంది చైనా కూలీలలో ఒకతను సముద్రంలోకి దూకి, ఈదుకుంటూ బ్రిటిష్ యుద్ధనౌక ఐరన్ డ్యూక్‌ని చేరడంతో, వాళ్లను బానిసల్లా తీసుకెళ్తున్న విషయం బయటపడింది. యోకొహామా ఉన్న కనగావా ప్రాంత అధికారి ఓఎ తాకు విచారణ జరిపి కూలీలను విడిపించారు. వాళ్లు చైనాకు వెళ్లిపోయారు.

పెరూ నష్టపరిహారం అడిగింది. మధ్యవర్తి రష్యా జార్ రెండో అలెగ్జాండర్. 1875లో తీర్పు జపాన్‌కే అనుకూలం.

తుఫానులో ఓడకు జరిగిన నష్టం గురించి నేను తలబద్దలు కొట్టుకున్నాను కానీ, అది కేసుకు అక్కర్లేదు, ఓడ ఆ రేవుకి రావడానికి కారణం అదే, అంతే. కానీ కెప్టెన్ తరఫు లాయరు భలే పాయింటు లాగాడు: ఈ కూలీల్లాగే మీ దేశంలో వేశ్యలను ఒప్పందాలతో కట్టేయడం లేదా అని. 1872 నవంబరులోనే జపాన్ ఆ వేశ్యల విడుదలకు ఉత్తర్వు ఇచ్చింది.