డీజిల్ జనరేటర్ తిరుగుతున్నా కరెంటు అందకపోవడం ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి

అణు విద్యుత్ కేంద్రాల బ్యాకప్ కరెంటు గురించి చదువుతున్నాను. ఫుకుషిమా సంగతి అర్థమైంది. 2011 మార్చి 11న సునామీ నీళ్లు కింది అంతస్తుల్లోని జనరేటర్లనీ, స్విచ్ బోర్డులనీ ముంచేశాయి. ఆరో యూనిట్‌కి చెందిన, గాలితో చల్లబడే ఒక్క జనరేటర్ మిగిలి 5, 6 యూనిట్లను కాపాడింది.

స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ మొదటి యూనిట్ దగ్గరే బుర్ర పనిచేయడం లేదు. 2006 జులై 25న బయట స్విచ్‌యార్డులో షార్ట్ సర్క్యూట్ అయి, లోపల వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసింది. అక్కడ ఒకటి పోయినా మరొకటి ఉండేలా పెట్టిన నాలుగు కరెంటు సరఫరా వరుసల్లో రెండింటి యూపీఎస్‌లు (బయటి కరెంటు పోయినా బ్యాటరీతో సరఫరా ఆగకుండా చూసేవి) ట్రిప్ అయ్యాయి, అంటే వాటంతటవే ఆగిపోయాయి. ఆ రెండు వరుసల డీజిల్ ఇంజన్లు మాత్రం స్టార్టయ్యాయి! కానీ వాటి వేగాన్ని కొలిచే పరికరానికి కరెంటు ఆ యూపీఎస్ నుంచే రావాలట. వేగం సిగ్నల్ లేక, జనరేటర్‌ని ప్లాంటు లైనుకి కలిపే స్విచ్ (బ్రేకర్) కలవలేదు. ఆపరేటర్లు స్వయంగా కలిపేసరికి ఇరవై నిమిషాలు దాటింది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు లేదూ?

ఆ సిగ్నల్‌కి జనరేటర్ సొంత బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే ఇబ్బందేమిటి? యూపీఎస్‌లో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ ముందు ట్రిప్ అయితే, డీసీని మళ్లీ ఏసీగా మార్చే ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తుంది కదా, మరి రెండూ ఒకేసారి పడిపోకుండా సెట్టింగులు ఎలా పెడతారు? నెలవారీ టెస్టుల్లో ఇంజన్ స్టార్టయిందా లేదా అనే చూస్తారా, యూపీఎస్ కూడా పోయిన పరిస్థితిని పెట్టి చూస్తారా? నాకు అన్నిటికన్నా ఈ చివరిదే ముఖ్యం.

ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. ఏ ప్లాంటు రహస్యాలూ అక్కర్లేదు, మామూలు పద్ధతి తెలిస్తే చాలు.