అధికారుల మాట ఫోన్లోకి వచ్చాక మీ ఊళ్లో ఏం మారింది?

కోవూరు_పెన్నగట్టు:
2021 నవంబరు వరదలప్పటి సంగతి. పెన్నా మీది సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలారని తెలుసు, మా వీధికి ఎప్పుడొస్తాయో తెలీదు. అర్ధరాత్రి గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్: డ్యామ్ తెగింది, పారిపోండి అని. ఎవరి గొంతో ఎవరికీ తెలీదు. అమ్మ చీకట్లో బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించబోయి జారి పడింది. డ్యామ్ తెగలేదు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోవడం, రైలు పట్టాలు కొట్టుకుపోవడం మాత్రం నిజం. ఆ కబురు మాకు ఆలస్యంగా చేరింది. మా చిన్నప్పుడు దండోరా వేసే మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు, అందుకే నమ్మేవాళ్లం. మీ దగ్గర ఎలా ఉంది?

కనిగిరి_నుంచి:
అన్నా, మంచి కూడా ఉంది. 2025 జనవరి 30న వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ మొదలైంది, 161 సేవలతో. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం నాన్న ఒక రోజు కూలి పోగొట్టుకుని తిరిగేవాడు. ఈసారి ఇంట్లోంచే అప్లై చేశాం.
ఫిర్యాదుల దగ్గరే కడుపు మండుతోంది. మా వీధిలో మంచినీళ్ల పైపు పగిలి మురుగు కలుస్తోందని ఫొటో పంపాను. నాలుగో రోజు ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్. బయటికెళ్లి చూస్తే గుంత అలాగే ఉంది. పిల్లలు పడకుండా ఎవరో వేపకొమ్మ పాతారు, అంతే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన పెద్దవాళ్లున్న ప్రాంతం మాది. ఇక్కడ నీళ్ల విషయంలో అబద్ధం చెప్పకూడదు.

మార్కాపురం_టీచర్:
2024 మే 13న పోలింగ్. 11 సాయంత్రానికి మైకులు ఆగాయి, ఫోన్లు ఆగలేదు. ముక్కలు కోసి అతికించిన వీడియోలు ఆ రెండు రాత్రులూ వస్తూనే ఉన్నాయి. వాటి మూలంగా మా బాబాయి, అత్త ఇప్పటికీ మాట్లాడుకోరు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగినందుకు నన్ను ఊరి గ్రూపులోంచి తీసేశారు.

కలిగిరి_మనవరాలు:
1992లో మా పక్కనే దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించినప్పుడు ఫోన్లెక్కడివి? అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠం, ఊరి నుంచి ఊరికి నోటిమాట. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పదిమంది కలిసి ఎదురుగా నిలబడితేనే ఆఫీసర్లు కదిలారని అమ్మమ్మ చెబుతుంది.
కనిగిరి అక్కా, ఆ మెసేజ్‌నీ ఫొటోనీ ప్రింట్ తీయించి అర్జీకి జత చేయండి. వీధివాళ్లను వెంటబెట్టుకుని సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు వెళ్లండి. అర్జీ నంబరు అడిగి తీసుకోండి, మర్చిపోవద్దు.

కనిగిరి_నుంచి:
ఏడుగురం వెళ్తున్నాం చెల్లీ. వేపకొమ్మ కూడా కనపడేలా పొద్దున్నే మళ్లీ ఫొటో తీశాను.