ఎదురుదెబ్బ తింటేనే విశ్వాసం వస్తుందా? మిషన్ మధ్యలో ఇంటికొచ్చిన తమ్ముడి గురించి

కేఆర్‌పురం అక్క:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాను, కేఆర్ పురంలో ఉంటున్నాం. మేం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్లం. బయట మోర్మన్లు అంటారు. మా అబ్బాయిలు 18 ఏళ్లు నిండాక 24 నెలలు మిషనరీలుగా సేవ చేస్తారు, అమ్మాయిలైతే 18 నెలలు. జీతం ఉండదు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి.

మా తమ్ముడు వెళ్లిన తొమ్మిదో నెలలో నిద్ర పోయింది, తిండి పోయింది, గుండె దడ మొదలైంది. డాక్టర్ చూసి టెన్షన్ జబ్బే, మందులు వాడాలి అన్నారు. ఇంటికి పంపించారు. ఊళ్లో ముఖం చూపించలేనని నా దగ్గరకు వచ్చేశాడు. మొన్న ఆదివారం కూటం అయ్యాక ఒక పెద్దాయన వాడి భుజం తట్టి, "ఎదురుదెబ్బల్లోనే విశ్వాసం దొరుకుతుంది బాబూ, ఇంకొంచెం ఓర్చుకోవాల్సింది" అన్నారు. ప్రేమగానే అన్నారు. కానీ ఈ వారం వాడు గుడికి రాలేదు.

ఆ మాట నిజమేనా? నిజమైతే మధ్యలో ఆగిపోయినవాళ్ల సంగతేంటి? ఏ మతం వాళ్లయినా సరే, మనసులో ఉన్నది చెప్పండి.

సర్జాపూర్ శ్రీను:
అక్కా, నేను ఇప్పుడు ఏ గుడికీ వెళ్లను. కానీ గుంటూరు దగ్గర ప్రార్థన మందిరంలోనే పెరిగాను. సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చేది ఎవరు? జబ్బు చేసింది, మొక్కుకున్నాను, తగ్గింది అనేవాళ్లే. మా నాన్న కోసం మా అమ్మ నలభై రోజులు ఉపవాసం ఉంది. నాన్న పోయారు. ఆ తర్వాత మా అమ్మను సాక్ష్యం చెప్పమని ఒక్కరూ అడగలేదు. నిలబడ్డవాళ్లకే మైకు ఇస్తే, కష్టాలు విశ్వాసాన్ని పెంచుతాయనే అనిపిస్తుంది. విరిగిపోయినవాళ్లు ఆ లెక్కలోకే రారు. మీ తమ్ముడికి ఇప్పుడు మందులు, నిద్ర ముఖ్యం. ఆ పెద్దాయన మాట తప్పు.

ఒంగోలు బాప్టిస్టు:
శ్రీను బాబూ, మీ అమ్మగారి విషయం చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక మాట చెప్పాలి. మా తెలుగు బాప్టిస్టుల చరిత్రే ఎదురుదెబ్బల చరిత్ర. అమెరికా నుంచి సామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ 1836లో వచ్చాడు, నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు బహు తక్కువ. ఖర్చు దండగ, మూసేద్దామని అక్కడివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. ఒంటరి నక్షత్రం అని ఆ మిషన్‌కి పేరే పడిపోయింది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నలభై ఏళ్ల ఓర్పు లేకపోతే ఆ రోజు వచ్చేదా? మా తాతలు ఆ వరుసలోనివాళ్లే. అందుకే ఓర్చుకోమనే మాటను నేను పూర్తిగా కొట్టేయలేను.

పాత మిషనరీ, బెంగళూరు:
అక్కా, నేను 2016 నుంచి 2018 దాకా ఇక్కడే, బెంగళూరు మిషన్‌లో ఎల్డర్‌గా, అంటే మిషనరీగా ఉన్నాను. రెండేళ్లూ పూర్తి చేసినవాణ్ని కాబట్టి ఆ పెద్దాయన వైపే మాట్లాడతాననుకోకండి.

అప్పట్లో ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. వారం వారం మాట్లాడుకునే వీలు 2019లో వచ్చింది. మారతహళ్లిలో ఒక తెలుగు కుటుంబానికి మూడు నెలలు పాఠాలు చెప్పాం. బాప్తిస్మానికి తేదీ కూడా అనుకున్నాం. సరిగ్గా వారం ముందు ఊరి నుంచి తాతగారు దిగారు. ఆ తర్వాత వాళ్లు ఫోన్ ఎత్తలేదు. డైరీలో ఆ తేదీ కొట్టేసి రాత్రంతా ఏడ్చాను. నెలరోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఎదురుదెబ్బ నాకు ముందు ఇచ్చింది కోపమే అక్కా, విశ్వాసం ఆ దరిదాపుల్లో లేదు.

అప్పుడే నా కంపానియన్‌కి, అంటే నాతో జంటగా తిరిగే మిషనరీకి, డెంగీ వచ్చింది. మా ఇద్దరికీ పడేది కాదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్న రాత్రి, తల మీద చేతులుంచి ఆశీర్వాదం ఇవ్వమని అడిగాడు. మా సంఘంలో నూనె చుక్క వేసి అలా ప్రార్థిస్తాం. నాకు లోపలంతా ఖాళీగా ఉంది. "తండ్రీ, వీడి పక్కన వాళ్లమ్మ లేదు" అన్నాను. ఇంక మాట రాలేదు.

నా విశ్వాసం అక్కడ మొదలైంది. అప్పటిదాకా నా ప్రతి ప్రార్థనలోనూ "నాకు" అనే మాట ఉండేది: నాకు ఆ కుటుంబాన్ని ఇవ్వు, నాకు ఫలితం చూపించు అని. ఆ రాత్రి అది రాలేదు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ మాకు క్యారేజీ పంపింది ఒక నెల్లూరు పెద్దమ్మ. మా సంఘంలో కాఫీ తాగరు. ఆ మాట చెబితే మొదటిసారి బాగా నొచ్చుకుంది, రెండోసారి వెళ్లేసరికి మజ్జిగ చేసి ఉంచింది. ఆమె మా సంఘంలో ఎప్పుడూ చేరలేదు. ఆ అన్నం రాకపోతే నేను కూడా మెజెస్టిక్‌లో బస్సెక్కి ఇంటికి పోయేవాణ్నే.

మోర్మన్ గ్రంథంలో ఈథర్ 12వ అధ్యాయం 6వ వచనం, విశ్వాసానికి పరీక్ష జరిగిన తర్వాతే సాక్ష్యం దొరుకుతుందని చెబుతుంది. ఆ పెద్దాయన మనసులో ఉన్నది బహుశా అదే. కానీ ఆ "తర్వాత" ఎన్నాళ్లకో అక్కడ రాసి లేదు. 24 నెలల్లోపు అని అసలే లేదు.

ఒంగోలు అన్నగారూ, మీరు చెప్పిన సామ్యూల్ డే ఆరోగ్యం చెడి మధ్యలో ఒకసారి వెళ్లి తిరిగొచ్చాడు. 1853లో మళ్లీ అదే కారణంతో వెళ్లిపోయాడు, ఇక రాలేదు. ఆ 2,222 మంది నీళ్లలో దిగిన రోజు ఆయన గుండ్లకమ్మ ఒడ్డున లేడు. ఆయన ఓర్చుకోలేదని మీరు అంటారా?

ఒంగోలు బాప్టిస్టు:
అనను తమ్ముడూ. ఆయన వెళ్లిపోయాడని నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. ఓర్పు ఒక్క మనిషి మీద పెట్టే బరువు కాదని ఒప్పుకుంటాను. ఓర్పు ఉండాలన్న మాట మాత్రం వదులుకోను.

సర్జాపూర్ శ్రీను:
అన్నా, మీరు రాసింది నిజాయితీగా ఉంది. అందుకే అడుగుతున్నాను. ఆ రాత్రి మీ కంపానియన్ పోయి ఉంటే?

పాత మిషనరీ, బెంగళూరు:
ఈ ప్రశ్న నన్ను నేనే చాలాసార్లు అడిగాను శ్రీనూ. అతన్ని బతికించింది డాక్టర్లు, సెలైన్లు అనే చెబుతాను. అతను పోయి ఉంటే నేను ప్రార్థన మానేసేవాణ్నేమో. అప్పుడు కూడా ఆ రాత్రి ప్రార్థనలో నేనన్న ఆ ఒక్క వాక్యం అబద్ధం అయ్యేది కాదు. మీ అమ్మగారి నలభై రోజులూ అంతే, నా దృష్టిలో. వీలైతే ఆ రోజుల గురించి ఆమెను మీరే అడగండి.

కేఆర్‌పురం అక్క:
నిన్న రాత్రి ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. డే సంగతి దగ్గర ఆపి, "ఆయన ఇంటికెళ్లాక ఏం చేశాడక్కా?" అని అడిగాడు. రెండు వారాల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

పాత మిషనరీ గారూ, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీకు వీలైతే మా ఇంటికి రండి. మిషన్ సంగతి మీరు ఎత్తవద్దు, వాడే ఎత్తితే సరే. పెసరట్లు పోస్తాను. మజ్జిగ కూడా ఉంటుంది.