సప్లయర్లు రెండు నెలలు కూడా నిలవడం లేదు: రాజమహేంద్రవరం హోటల్ యజమాని సందేహం

ప్రశ్న (హోటల్ యజమాని, రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మాది 28 గదుల లాడ్జి, దాని కింద భోజనశాల. నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. మొత్తం 34 మంది సిబ్బంది ఉండగా గత పన్నెండు నెలల్లో 29 మంది మానేశారు. సప్లయర్‌కు, అంటే భోజనశాలలో వడ్డించే మనిషికి, 14,000 రూపాయల జీతం, భోజనం, వసతి ఇస్తున్నాం. ఊళ్లో మిగతా హోటళ్లు ఇచ్చేదీ ఇంచుమించు ఇంతే. ఏడాదిలో రెండుసార్లు జీతాలు పెంచినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. కొత్తవాళ్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతున్నారని మొదటి నెల జీతాన్ని డిపాజిట్‌గా ఆపుతున్నాం, వాళ్ల ఆధార్ కార్డులు ఆఫీసు బీరువాలో ఉంచుతున్నాం. అయినా కార్డు వదిలేసి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. 2015 పుష్కరాల్లో మనుషులు చాలక రెండు రోజులు మధ్యాహ్న భోజనాలు ఆపేయాల్సి వచ్చింది. 2027 జూన్ నెలాఖరులో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కనుక ఈలోగా నిలకడైన బృందం ఏర్పడాలని నా కోరిక. జీతం ఇంకా పెంచాలా, లేక నేను గమనించని లోపం ఏదైనా ఉందా?

సమాధానం (స్టార్ హోటల్ మానవ వనరుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సభ్యుడు, విశాఖపట్నం)

యజమాని గారూ, 29 అన్న అంకెను ఒకే ముద్దగా చూసినంతకాలం దాని నుంచి మనకు తెలిసేది ఏమీ ఉండదు. మీ హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు ముందు పెట్టుకుని, మానేసిన ప్రతి మనిషికీ ఎదురుగా అతని పని ఏమిటో, చేరిన ఎన్నాళ్లకు వెళ్లాడో, ఏ నెలలో వెళ్లాడో, అతని డ్యూటీ వేళలు ఏమిటో రాయండి. రెండు గంటలు పట్టే పని. అది చేసి ఇక్కడ పెడితే అప్పుడు మాట్లాడుకుందాం.

యజమాని

రాశాను. రాస్తున్నప్పుడే ఒక విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. 34 స్థానాల్లో 21 స్థానాల్లో ఏడాదంతా మనిషి మారనే లేదు. మానేసిన 29 మందీ మిగిలిన 13 స్థానాల్లోనే వచ్చిపోయారు. వాటిలో సప్లయర్ స్థానాలు ఆరు, గిన్నెలు కడిగే స్థానాలు నాలుగు, రూమ్ బాయ్, తందూరు మాస్టర్, క్యాషియర్ ఒక్కొక్కటి. చేరిన రెండు నెలల్లోపు వెళ్లినవాళ్లు 17 మంది. ఒడిశా, బెంగాల్‌లోని సొంత ఊళ్లకు సెలవు మీద వెళ్లి తిరిగి రానివాళ్లు 9 మంది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఒకరి తరువాత ఒకరు చేరిన తందూరు మాస్టర్లు, ఒకరు క్యాషియర్. డ్యూటీ వేళల సంగతికి వస్తే, మొత్తం పదిమంది సప్లయర్లలో పాతవాళ్లు నలుగురూ ఉదయం 11 నుంచి రాత్రి 7 వరకు ఒకే దఫాగా చేస్తారు. కొత్తవాళ్లు ఆరుగురికీ బ్రేక్ డ్యూటీ: ఉదయం 6.30 నుంచి 11 వరకు, మళ్లీ సాయంత్రం 6 నుంచి 11 వరకు.

విశాఖపట్నం సభ్యుడు

మీ ప్రశ్నకు జవాబు మీరే రాశారు. మీ హోటల్లో మనుషులు నిలవడం లేదన్నది నిజం కాదు. 21 మంది చక్కగా నిలిచారు. కొత్తగా వచ్చినవాడికి మీరిచ్చే డ్యూటీ నిలవనివ్వడం లేదు. రోజుకు తొమ్మిదిన్నర గంటల చొప్పున ఆరు రోజులకు 57 గంటలవుతుంది. పైగా ఉదయం 5.30కి లేచి, రాత్రి గిన్నెలు సర్ది పడుకునేసరికి 12 అవుతుంది కనుక ఆ ఏడు గంటల విరామం నిద్రకే సరిపోతుంది. దాన్ని ఖాళీ సమయంగా లెక్కించేది డ్యూటీ చార్టు వేసేవాడొక్కడే. ఊరు తెలియని, భాష రాని, మొదటి నెల జీతం చేతికి రాని కుర్రవాడికి హోటల్లోకెల్లా కష్టమైన డ్యూటీ అప్పగించి, అన్నీ తెలిసిన పాతవాళ్లకు తేలికైనది ఇవ్వడం మన రంగంలో తరతరాలుగా వస్తున్న అలవాటు. నేనూ ఉద్యోగంలో ఉన్న మొదటి పదేళ్లు అలాగే చేశాను.

బ్రేక్ డ్యూటీని పూర్తిగా తీసేయమని చెప్పను. టిఫిన్, రాత్రి భోజనం రెండూ ఉన్న హోటల్లో అది సాధ్యం కాదు. దాన్ని అందరికీ పంచండి. పదిమంది సప్లయర్లు వారానికి ఆరేసి రోజులు వస్తే రోజుకు ఎనిమిది లేక తొమ్మిది మంది ఉంటారు. వారిలో ముగ్గురికి మాత్రమే బ్రేక్ డ్యూటీ వేసి, దాన్ని ఉదయం 7 నుంచి 11, రాత్రి 7 నుంచి 11 వరకు కుదించండి. ఇద్దరు ముగ్గురిని ఉదయం 6.30 నుంచి 2.30 వరకు, మరో ముగ్గురిని మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 వరకు నిలపండి. అప్పుడు భోజనాల రద్దీలో, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, రెండు జట్లూ కలిసి ఉంటాయి. వారానికి 21 బ్రేక్ డ్యూటీలను పదిమందికి పంచితే ఒక్కొక్కరికి రెండే వస్తాయి. వారపు సెలవు ఏ రోజో నెల ముందే గోడ మీద అంటించండి. పెళ్లి పార్టీ వచ్చిందని ఆ సెలవు రద్దు చేస్తే, బదులు సెలవు ఏ రోజో అదే పూట రాసి ఇవ్వండి.

యజమాని

లెక్క బాగానే ఉంది కాని, పన్నెండేళ్లుగా పనిచేస్తున్న పాత సప్లయర్లు దీనికి ఒప్పుకోరు. కొత్తవాళ్ల కోసం పాతవాళ్లను పోగొట్టుకోలేను.

విశాఖపట్నం సభ్యుడు

ఒప్పుకోరన్నది నిజమే, అందుకని వారిని పిలిచి ముందే మాట్లాడాలి. బ్రేక్ డ్యూటీ చేసిన రోజుకు ఎవరికైనా సరే 100 రూపాయలు అదనంగా ఇవ్వండి, ఆ రెండు రోజులు ఏవో ఎంచుకునే హక్కు పాతవాళ్లకు ముందు ఇవ్వండి. దీనికి వారానికి 2,100, ఏడాదికి సుమారు 1,09,000 రూపాయలవుతుంది. మనుషులను తెచ్చే ఏజెంటుకు మీరు ఎంత ఇస్తున్నారు?

యజమాని

మనిషికి 3,000 రూపాయలు.

విశాఖపట్నం సభ్యుడు

29 మందికి 87,000 అయింది. దానికి మనిషి లేని రోజుల్లో మిగతావారికి ఇచ్చిన ఓవర్‌టైమ్, తప్పు టేబుల్‌కు వెళ్లిన ఆర్డర్లు, గది శుభ్రం కాక వెనక్కి ఇచ్చిన అద్దె కలపండి. ఇవి రిజిస్టరులో కనబడవు కాబట్టి ఖర్చు కాదనుకుంటాం. నా సలహా మీకు మొదటి ఏడాది లాభం తేకపోవచ్చు, బహుశా కొంత అదనపు ఖర్చే అవుతుంది. పుష్కరాల నాటికి పని తెలిసిన మనుషులు ఉండాలన్నదే మీ లక్ష్యమైతే ఆ ఖర్చు ఇప్పుడే పెట్టాలి.

సమాధానం (కార్మిక చట్టాల సలహాదారు, విజయవాడ)

డ్యూటీల సంగతి పెద్దలు చెప్పారు. నేను డిపాజిట్, ఆధార్ కార్డుల గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఈ రెండూ ఈరోజే ఆపండి. వేతనాల కోడ్ 2019లో చట్టమై, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు చెల్లించాలి. ఉద్యోగి మానేసినా, మీరు తొలగించినా బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. చెప్పకుండా వెళ్లాడన్న కారణంతో పనిచేసిన రోజుల జీతం ఆపే అధికారం యజమానికి లేదు. ఆధార్ అతని సొత్తు. నకలు తీసుకుని అసలు కార్డు తిరిగి ఇవ్వండి. గ్లాసులు, ప్లేట్లు పగిలినందుకు క్యాషియర్ తోచినంత కోయడం కూడా కుదరదు. ఏ తప్పులకు జరిమానా ఉంటుందో ముందుగా నోటీసు బోర్డులో పెట్టాలి, అతని వివరణ వినాలి, ఒక జీతపు కాలంలో, అంటే మీ దగ్గర ఒక నెలలో, జరిమానాలు జీతంలో 3 శాతం దాటకూడదు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలి కనుక మీ 57 గంటల చార్టు చట్టం దృష్టిలోనూ నిలవదు. చేరిన ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వండి. అందులో జీతం, వేళలు, సెలవులు ఉంటే తరువాత తగవులు సగం తగ్గుతాయి.

మీ దగ్గర 20 మందికి మించి ఉన్నారు కాబట్టి భవిష్య నిధి (పీఎఫ్) తప్పనిసరి, పది మంది లేక అంతకు మించి ఉంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐ తప్పనిసరి. అందరికీ కడుతున్నారా?

యజమాని

పాతవాళ్లకు కడుతున్నాను. కొత్తవాళ్లు "పీఎఫ్ కోయకండి, చేతికే ఇవ్వండి" అంటారు. నిలుస్తారో లేదో తెలియనివారికి కట్టడం దేనికని నేనూ ఊరుకున్నాను.

విజయవాడ సలహాదారు

అది వారి ఇష్టానికో మీ ఇష్టానికో వదిలిన విషయం కాదు. ఈఎస్ఐ సంగతి వారికి సరిగ్గా వివరించకపోవడం వల్లనే అలా అంటారు. 14,000 జీతం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 105 రూపాయలు. మీ వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. ఈ సొమ్ముకు అతనికీ కుటుంబానికీ వైద్యం అందుతుంది. అవసరమైన చందా కాలం పూర్తయ్యాక జబ్బుపడి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం ఈఎస్ఐ నుంచే వస్తుంది. వంటింట్లో నూనె పడి చేయి కాలినవాడికి ఆసుపత్రిలో డబ్బు అడగకుండా చికిత్స జరిగితే, మిగిలిన సిబ్బందికి మీరు వేరుగా చెప్పనక్కరలేదు. పీఎఫ్‌కు ఉద్యోగికి ఇచ్చే శాశ్వత సంఖ్య అయిన యూఏఎన్ నంబరు ఒకటే, ఏ హోటల్‌కు మారినా అది వెంట వస్తుందని వారి భాషలో చెప్పించండి.

సమాధానం (పూర్వం సప్లయర్‌గా పనిచేసి ఇప్పుడు సప్లయర్లను పర్యవేక్షించే కెప్టెన్‌గా ఉన్న సభ్యుడు, హైదరాబాద్)

ఇంతవరకు ఎవరూ టిప్పుల మాట ఎత్తలేదు. నేను సప్లయర్‌గా చేరినప్పుడు జీతం తక్కువైనా, బిల్లు పుస్తకంలో మిగిలే చిల్లరతో రోజు ఖర్చులు గడిచేవి. ఇప్పుడు కస్టమర్ ఫోనుతో బిల్లు ఎంతో అంతే కౌంటర్‌లో కట్టి వెళ్లిపోతున్నాడు. మీరు పెంచిన జీతం ఆ పోయిన ఆదాయాన్ని పూడ్చిందో లేదో మీ సప్లయర్లను అడిగి చూడండి. అలాగని బిల్లులో సర్వీస్ చార్జి వేయవద్దు. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. మా దగ్గర టేబుల్ మీద టిప్పు కోసమే వేరే క్యూఆర్ కోడ్ ఉంచారు. ప్రతి సోమవారం ఆ ఖాతా వివరం అందరికీ చూపించి పంచుతారు. వంటింటికీ, గిన్నెలు కడిగేవాళ్లకూ వాటా ఉంటుంది. ఎక్కువ రాదు, కాని వారం మధ్యలో అడ్వాన్సు కోసం గల్లాపెట్టె దగ్గర నిలబడే పని తప్పింది.

ఇంకొక మాట. మీ సిబ్బంది గదిలో ఒక్క రాత్రి మీరు పడుకుని చూడండి. మంచాలెన్ని, ఫ్యాన్లెన్ని, ఉదయం 5.30కి ఎంతమందికి ఎన్ని స్నానాల గదులు ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. నేను వదిలేసిన ఒక హోటల్ గురించి చెప్పాలంటే, జీతం కారణం కాదు. నిన్నటి సాంబారును సిబ్బందికి పెట్టడం కారణం.

యజమాని

ఆ చివరి మాట తగిలింది. ఒడిశా, బెంగాల్ వాళ్లు ఊరు వెళ్లి రాకపోవడం గురించి కూడా చెప్పండి. సగం జీతం ఆపి, తిరిగి వచ్చాక ఇస్తే ఎలా ఉంటుంది?

విశాఖపట్నం సభ్యుడు

జీతం ఆపడం కుదరదని సలహాదారు గారు చెప్పారు కదా. జీతం మొత్తం ఇచ్చేసి, తిరిగి వచ్చినప్పుడు అదనంగా ఏదైనా ఇవ్వండి. రెండింటికీ ఖర్చు ఒకటే కావచ్చు, వెళ్లేవాడి మనసులో మాత్రం ఒకటి కాదు. మేము రానూపోనూ టిక్కెట్లు మేమే తీసేవాళ్లం. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజు ఉదయమే కోరమండల్‌కో ఈస్ట్ కోస్ట్‌కో తిరుగు టిక్కెట్ కూడా తీసి చేతిలో పెడితే, రావడానికి బెర్తు దొరకలేదన్న మాట ఉండదు. చాలామంది రాకపోవడానికి కారణం అంత చిన్నదే. సెలవులు ముందుగా కలిపి చూసుకుంటే, స్థానికులు సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒడిశావాళ్లు ఉంటారు, రజ పండుగకు, దుర్గాపూజకు వారు వెళ్లినప్పుడు స్థానికులు ఉంటారు. 2027లో మాత్రం జాగ్రత్త: రథయాత్ర జూలై మొదటి వారంలో, అంటే మీ పుష్కరాల రోజుల్లోనే పడుతుంది. ఒడిశావాళ్లతో ఇప్పుడే మాట్లాడి, జూన్ నడుమ రజకు పంపి, పుష్కరాలకు ముందే వెనక్కి వచ్చేలా ఒప్పించుకోండి.

తందూరు మాస్టర్ సంగతి వేరు. పెద్ద అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేయాలని చూడకండి. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదని షరతు పెడితే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా వెళ్తుంది. మీకు ఉన్న ఇబ్బంది, ఆ పని తెలిసిన రెండో మనిషి లేకపోవడం. సహాయకుల్లో ఒకరిని ఎంచి, మాస్టర్‌కు నేర్పినందుకు నెలనెలా కొంత ఇచ్చి, ఆరు నెలల్లో ఆ సహాయకుడు ఒంటరిగా ఒక పూట నడిపేలా చేయండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో చేర్చితే అతని స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. మాస్టర్ వెళ్లిపోవచ్చు, పోనివ్వండి. రొట్టెలు ఆగకుండా ఉంటే చాలు.

యజమాని

పాత సప్లయర్లతో నిన్న కూర్చున్నాను. ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు, ఒకరు ఆదివారం తప్ప ఏ రోజైనా సరే అన్నారు, నాలుగోవారు ఇంకా అలక మీద ఉన్నారు. ఆధార్ కార్డులు బీరువాలోంచి తీసి ఇచ్చేశాను. ఇక మిగిలింది, వెళ్లిపోయినవారి డిపాజిట్లు. 11 మందివి మా దగ్గరే ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు?

విజయవాడ సలహాదారు

ఎవరిది వారికి పంపండి, బ్యాంకు ద్వారానే పంపి రసీదు ఉంచుకోండి. ఆలస్యమైందని ఒక మాట కూడా చెప్పండి.

యజమాని

ఎనిమిది మంది ఫోనుకు దొరికారు, డబ్బు పంపాను. వారిలో ఇద్దరు, ఒడిశాలోని బాలేశ్వర్ కుర్రవాడు ఒకడు, పలాస అబ్బాయి ఒకడు, బ్రేక్ డ్యూటీ ఇంకా రోజూ ఉందా అని అడిగారు. వారానికి రెండు రోజులే అన్నాను. పలాస అబ్బాయి సోమవారం వస్తానన్నాడు.